డబ్బు తీసుకున్నది షాపు, జవాబు చెప్పాల్సిందీ షాపే

ప్రశ్న: మేడమ్ గారూ, నమస్తే. మాది ఖమ్మం జిల్లాలో ఒక మండల కేంద్రం. ఇంటి ముందు గదిలోనే డీటీపీ, పెళ్లి ఆల్బమ్ డిజైనింగ్ చేసుకుంటాను. సీజన్లో సాయానికి ఒకమ్మాయి వస్తుంది. దసరాకు ముందు సికింద్రాబాద్ సీటీసీలో (కంప్యూటర్ల మార్కెట్) ఒక షాపులో 92,000 రూపాయలకు అసెంబుల్డ్ కంప్యూటర్ కొన్నాను. అందులో గ్రాఫిక్స్ కార్డే (స్క్రీన్ మీద బొమ్మలు వచ్చేలా చేసే భాగం) 28,000. మొత్తంలో 60,000 ఫోన్‌పే చేశాను, మిగతాది క్యాష్. బిల్లు కావాలంటే జీఎస్టీ 18 శాతం అదనం అన్నారు. దాంతో ఎస్టిమేట్ స్లిప్ మీదే తెచ్చుకున్నాను.

ఇరవై రోజులు తిరక్కముందే ఆల్బమ్ షీట్లు ఎక్స్‌పోర్ట్ చేస్తుంటే స్క్రీన్ నల్లబడి, ఫ్యాన్ గట్టిగా మోగి, సిస్టమ్ రీస్టార్ట్ అవడం మొదలైంది. వెంటనే షాపాయనకు వాట్సాప్‌లో వీడియో పెట్టాను. రెండుసార్లు సిస్టమ్ మోసుకుని వెళ్లాను. ఒకసారి విండోస్ మళ్లీ వేశామన్నారు. ఇంకోసారి ‘మీ ఊళ్లో కరెంటు బాగుండదు’ అన్నారు. ఇప్పుడు ‘కార్డు మాది కాదు, కంపెనీది, వాళ్ల సర్వీస్ సెంటర్‌కి వెళ్లండి’ అంటున్నారు. మా మరిది కార్డు సీరియల్ నంబరు కంపెనీ సైట్లో కొట్టి చూస్తే వారంటీ రెండేళ్ల కిందటే మొదలైనట్టు చూపించింది. నాకు పాత కార్డు అంటగట్టారా? స్లిప్ వెనక ‘అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు’ అని అచ్చేసి ఉంది. పైగా బిజినెస్ కోసం కొన్నావు కాబట్టి కన్స్యూమర్ కోర్టుకు వెళ్లడానికి వీల్లేదని తెలిసినవాళ్లు చెబుతున్నారు. మాఘమాసం పెళ్లిళ్ల పని చేతిలో ఉంది, అడ్వాన్సులు వాపసు ఇచ్చుకుంటూ కూర్చున్నాను. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. నా డబ్బు నాకు వచ్చే దారి ఉందా? ఈలోగా ఇక్కడే ఎవరితోనైనా బాగు చేయించుకోవచ్చా?
– ఒక సోదరి, ఖమ్మం జిల్లా

సమాధానం: అమ్మా, దారి ఉంది. మీరు అనుకుంటున్న దానికంటే మీ కేసు గట్టిగానే ఉంది. కాకపోతే ఇప్పటిదాకా అన్నీ నోటిమాటగా, ఫోన్లలో నడిచాయి. ఇక నుంచి కాగితం మీద నడవాలి.

ముందు ‘కంపెనీకి వెళ్లండి’ అన్న మాట సంగతి చూద్దాం. ఈ ఒక్క మాట విని షాపు మెట్లు దిగిపోయి, ఆ తర్వాత ఆశ వదులుకున్నవాళ్లు చాలామంది నా దగ్గరికి వచ్చారు. మీరు డబ్బు ఇచ్చింది ఎవరికి? షాపుకి. కంపెనీతో మీరు బేరం ఆడలేదు, దాని మొహం కూడా చూడలేదు. అమ్మకం ఒప్పందం మీకూ షాపుకీ మధ్య జరిగింది. 1930 నాటి సరుకుల అమ్మకం చట్టం ఇప్పటికీ అమల్లో ఉంది. ఫలానా పనికి కావాలని కొనేవారు చెప్పి, అమ్మేవాడి తెలివి మీద ఆధారపడి కొంటే, ఆ పనికి తగిన వస్తువే ఇవ్వాలని ఆ చట్టం 16వ సెక్షన్ చెబుతుంది. ఆ సరుకు వ్యాపారం చేసేవాడి దగ్గర పేరు, రకం చెప్పి కొంటే అది అమ్మకానికి తగిన నాణ్యతతో ఉండాలని కూడా అదే సెక్షన్ చెబుతుంది. ఇవి స్లిప్ మీద రాసి ఉండాల్సిన పని లేదు. రాయకపోయినా అమ్మకంలో ఉన్నట్టే లెక్క.

అసెంబుల్డ్ సిస్టమ్‌లో ఈ బాధ్యత ఇంకా బలంగా షాపు మెడకు చుట్టుకుంటుంది. బోర్డు ఒక కంపెనీది, ఎస్‌ఎంపీఎస్ (లోపలి భాగాలకు కరెంటు అందించే పెట్టె) ఇంకో కంపెనీది, కార్డు మరొకరిది. ఏ కార్డుకి ఎన్ని వాట్ల ఎస్‌ఎంపీఎస్ సరిపోతుందో, ఆ క్యాబినెట్‌లో గాలి ఆడుతుందో లేదో చూసి, వీటన్నిటినీ ఏరి బిగించినది షాపాయన. కార్డులో లోపం లేకుండా ఎస్‌ఎంపీఎస్ చాలకపోయినా మీరు చెప్పిన లక్షణాలే కనిపిస్తాయి. అప్పుడు ఏ కంపెనీ సర్వీస్ సెంటర్‌కి వెళ్లినా ‘మా సరుకు బాగానే ఉంది’ అనే అంటారు, అది నిజమే అవుతుంది కూడా. ‘ఆల్బమ్ డిజైనింగ్‌కి కావాలి’ అని కొనకముందు మీరు పెట్టిన మెసేజ్ ఏదైనా ఫోన్లో ఉందేమో వెతకండి. ఉంటే అది మీ కేసులో మంచి బలం.

కంపెనీ వారంటీ అనేది దీనికి అదనం. అది ఉంది కదా అని షాపు బాధ్యత ఎగిరిపోదు.

ఇక ‘బిజినెస్ కోసం కొన్నావు’ అన్న భయం. మీకు చెప్పినవాళ్లు సగం విని చెప్పారు. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం వాణిజ్య అవసరానికి కొన్నవారు వినియోగదారులు కారు, అంతవరకు నిజం. కానీ అదే సెక్షన్ కింద వివరణ ఉంది: స్వయం ఉపాధితో బతుకుతెరువు కోసం కొని, తానే వాడుకుంటే అది వాణిజ్య అవసరం కాదు. 1986 నాటి పాత చట్టంలోనూ ఇలాంటి వివరణ ఉండేది. దాని మీద 1995లో లక్ష్మీ ఇంజనీరింగ్ వర్క్స్ కేసులో సుప్రీంకోర్టు వివరంగా తీర్పు చెప్పింది. డబ్బు తీసుకుని ఇతరులకు టైప్ చేసిపెట్టడానికి టైప్‌రైటర్ కొన్న మనిషినే అందులో ఉదాహరణగా తీసుకుంది. అతను తానే కూర్చుని టైప్ చేసుకుంటూ బతుకుతుంటే వినియోగదారుడే. సాయానికి ఒకరిద్దరు ఉన్నా ఆ హోదా పోదు. ఆ టైప్‌రైటర్ స్థానంలో మీ కంప్యూటర్‌ను పెట్టి చూడండి, సరిగ్గా మీ కథే. అయితే ఒక పని తప్పకుండా చేయాలి. ఈ కంప్యూటర్ మీద పని చేసేది నేనే, నా జీవనం దీని మీదే నడుస్తుంది, సీజన్లో మాత్రం ఒకరు సాయానికి వస్తారు అని ఫిర్యాదులోనే స్పష్టంగా రాయాలి. ఈ వాక్యం రాయక, అవతలి లాయరు ‘వీరిది కమర్షియల్’ అనగానే తడబడి కేసు పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు.

పాత కార్డు విషయంలో తొందరపడకండి. సైట్లో కనిపించిన తేదీ ఒక్కటే రుజువు కాదు. కొన్ని కంపెనీలు, ఎవరూ రిజిస్టర్ చేయకపోతే, తమ గోడౌన్ నుంచి సరుకు బయటికి వెళ్లిన తేదీ నుంచే వారంటీ లెక్కేస్తాయి. డిస్ట్రిబ్యూటర్ దగ్గర ఏడాది పైగా మూలన పడి ఉన్న కొత్త కార్డుకి కూడా అలా చూపించే అవకాశం ఉంది. అలాగని వదిలేయకూడదు. కార్డు తీసుకుని కంపెనీ అధీకృత సర్వీస్ సెంటర్‌కి మీరే ఒకసారి వెళ్లండి. బాగు చేయమని అడగడం కంటే ముఖ్యం, వాళ్లు చూసినది జాబ్‌షీట్ మీద రాయించుకోవడం. ఈ సీరియల్ నంబరు మొదట ఎప్పుడు అమ్ముడైంది, ఇంతకుముందు రిపేరుకు వచ్చిందా, ఇప్పుడు లోపం ఏమిటి. ఈ మూడూ లేకపోయినా కనీసం ‘వారంటీ లేదు’ అని తేదీతో రాసి ఇవ్వమనండి. నోటితో చెప్పి పంపిస్తే అక్కడే నిలబడి, ఫలానా తేదీన వచ్చాను, ఇలా చెప్పారు అని వాళ్ల ఈమెయిల్‌కి రాసేయండి.

వెళ్లేముందు మీ ఇంట్లో పగటి వెలుతురులో కార్డుని అన్ని వైపులా ఫొటోలు తీయండి. సీరియల్ స్టిక్కరు, ఫ్యాన్ రెక్కల మధ్య దుమ్ము, స్లాట్‌లో దిగే బంగారు రంగు అంచు మీద గీతలు, స్క్రూ తలలు. కొత్త కార్డు స్క్రూల మీద స్క్రూడ్రైవర్ జారిన గాట్లు ఉండవు. ఒక స్క్రూ మీద సీల్ స్టిక్కరు చిరిగి ఉందా, అసలు లేదా చూడండి. కార్డు వచ్చిన పెట్టె మీది సీరియల్ నంబరు, కార్డు మీదిది ఒకటేనా? ఇది చాలామంది చూడరు. రెండూ వేరైతే మీ అనుమానం దాదాపు రుజువైనట్టే.

పాతది కొత్తదని అమ్మినట్టు తేలితే విషయం వట్టి లోపం దగ్గర ఆగదు. వాడిన సరుకును, బాగుచేసిన సరుకును కొత్తదని చెప్పి అమ్మడం 2019 చట్టం ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతి. అప్పుడు షాపాయన ‘కంపెనీ తప్పు’ అని తప్పించుకోవడానికి అవకాశమే ఉండదు, ఎందుకంటే అది కంపెనీ చేసిన పని కాదు. పోలీసు స్టేషన్‌లో మోసం కేసు పెడదామని మీ మరిది అంటే అనవచ్చు. నేనైతే ఇప్పుడే వద్దంటాను. చేతిలో రాతపూర్వక ఆధారం లేకుండా వెళితే ‘ఇది సివిల్ వ్యవహారం’ అని పంపించేస్తారు, మీ సీజన్ అంతా స్టేషన్ చుట్టూ తిరగడంలో పోతుంది.

బిల్లు గురించి మీరు భయపడుతున్నట్టు ఉత్తరంలోనే తెలుస్తోంది. దాచకండి. ఎస్టిమేట్ స్లిప్ మీదే కొన్నాను, బిల్లు అడిగితే 18 శాతం అదనం అన్నారు అని ఫిర్యాదులో ఉన్నదున్నట్టు రాయండి. పన్ను వసూలు చేసి బిల్లు ఇవ్వాల్సిన బాధ్యత చట్టం అమ్మినవాడి మీద పెట్టింది. సరుకు అమ్మి బిల్లు ఇవ్వకపోవడం 2019 చట్టంలో అనుచిత వ్యాపార పద్ధతుల జాబితాలోనే ఉంది. జీఎస్టీ చట్టం 122వ సెక్షన్ కింద ఇన్‌వాయిస్ లేకుండా సరుకు అమ్మితే 10,000 రూపాయలు లేదా ఎగ్గొట్టిన పన్నుకు సమానమైన మొత్తం, ఏది ఎక్కువైతే అది జరిమానా పడుతుంది. ఇంకో మాట, కార్డు పెట్టె మీద ఎమ్మార్పీ అచ్చేసి ఉంటే అందులో అన్ని పన్నులూ కలిసే ఉంటాయి. దాని మీద ‘జీఎస్టీ ఎక్స్‌ట్రా’ అనడానికి లేదు.

అయితే బిల్లు లేకుండా మీరు కొన్నట్టు రుజువేది అంటారా? ఫోన్‌పే లావాదేవీ ఉంది, బ్యాంకు స్టేట్‌మెంట్‌లో ఆ 60,000 ఎవరి ఖాతాకు పోయాయో ఉంటుంది. స్లిప్ మీద మొత్తం 92,000 అని, సామాన్ల పేర్లతో షాపాయన చేతిరాత ఉంది. రెండుసార్లు సిస్టమ్ తీసుకుని చూశాడు కదా, తాను అమ్మనిదైతే ఎందుకు చూస్తాడు? ఆ వాట్సాప్ సంభాషణే పెద్ద సాక్ష్యం. చాట్ మొత్తం ఎక్స్‌పోర్ట్ చేసి ఈమెయిల్‌లో పెట్టుకోండి, ప్రింటు తీయండి, ఆ ఫోన్ మాత్రం మార్చకండి, అమ్మకండి. ప్రింటుతో పాటు, ఇది నా ఫోన్లోదే, మార్పులు చేయలేదని భారతీయ సాక్ష్య అధినియమం, 2023లోని 63వ సెక్షన్ కింద ధ్రువపత్రం జతచేస్తే అవతలివాళ్లకు ఆ మాట మీద గొడవ చేసే అవకాశం తగ్గుతుంది. వినియోగదారుల కమిషన్లు (మీరు కన్స్యూమర్ కోర్టు అన్నది వీటినే) సాక్ష్య చట్టాన్ని సివిల్ కోర్టులంత కచ్చితంగా పట్టుకుని కూర్చోవు. అయినా మన జాగ్రత్త మనది.

‘అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు’ అన్న అచ్చు చూసి వెనక్కి తగ్గకండి. రంగు నచ్చలేదు, ఇంకో షాపులో చవకగా దొరికింది అని వాపసు అడిగితే షాపాయన కాదనవచ్చు. లోపమున్న సరుకు వేరు. బిల్లులో రాసిన గడువులోగా, గడువేమీ రాయకపోతే 30 రోజుల్లోగా లోపమున్న సరుకును వాపసు తీసుకుని డబ్బు ఇవ్వడానికి నిరాకరించడం కూడా అనుచిత వ్యాపార పద్ధతే అని 2019 చట్టం చెబుతోంది. మీరు ఇరవై రోజుల లోపే వీడియో పెట్టారు. ఆ మెసేజ్ తేదీ ఎంత విలువైనదో ఇప్పుడు అర్థమవుతోంది కదా. సరుకు ఇంటికి తెచ్చుకుని, లోపం కనపడినా ఏమీ అనకుండా నెలలకొద్దీ వాడుకుంటే, తిప్పి ఇచ్చే హక్కు పోయి నష్టపరిహారం అడిగే హక్కు మాత్రమే మిగిలే ప్రమాదం 1930 నాటి సరుకుల అమ్మకం చట్టం కింద ఉంది. మీరు ఆ పొరపాటు చేయలేదు.

కరెంటు మీద నెపం పెట్టారు కాబట్టి దానికి జవాబు సిద్ధం చేసుకోవాలి, ఎందుకంటే కమిషన్ ముందు కూడా అదే పాట పాడతారు. యూపీఎస్ ఉందా? ఉంటే దాని బిల్లు, ఫొటో. ఎర్తింగ్ సరిగ్గా ఉందని స్థానిక ఎలక్ట్రీషియన్ చూసి రాసిచ్చిన రెండు లైన్లు. అదే గదిలో అదే ప్లగ్గుకు పాత కంప్యూటరో ప్రింటరో ఏ ఇబ్బందీ లేకుండా నడుస్తుంటే ఆ సంగతి. అన్నిటికంటే మంచిది, సిస్టమ్‌ను షాపులోనే, వాళ్ల కరెంటు మీదే పెట్టి లోపం చూపించడం. ఇంకోసారి వెళ్లే పని పడితే పెన్‌డ్రైవ్‌లో ఒక ఆల్బమ్ ఫైలు తీసుకెళ్లండి. వాళ్ల కౌంటర్ మీదే నలభై 12×36 షీట్లు వరసగా ఎక్స్‌పోర్ట్‌కి పెట్టి, పక్కన టెంపరేచర్ చూపించే సాఫ్ట్‌వేర్ తెరిచి, మొత్తం వీడియో తీయండి. విండోస్ డెస్క్‌టాప్ తెరిచి చూపించి ‘బాగానే ఉంది కదా’ అంటే ఒప్పుకోకండి. లోపం బరువు పడ్డప్పుడు వస్తోంది, కాబట్టి బరువు పెట్టే చూడాలి.

మిషన్ షాపులో వదిలిపెట్టాల్సి వస్తే జాబ్‌షీట్ లేకుండా వదలకండి. సీరియల్ నంబర్లతో సహా రాయించుకోండి. ఎస్‌ఎస్‌డీ (ఫైళ్లు ఉండే డిస్క్) విప్పి ఇంట్లో పెట్టుకుని వెళితే ఇంకా మేలు. అందులో పరాయి ఆడపిల్లల పెళ్లి ఫొటోలు ఉన్నాయి, వాటిని కాపాడాల్సిన పూచీ మీది. వేరే కార్డు వేసిస్తామంటే తీసుకోవచ్చు, తప్పులేదు. కానీ కొత్త సీరియల్ నంబరుతో, వారంటీ తేదీతో, ఈసారి పక్కా బిల్లుతో. ‘ఇక ఏ క్లెయిమూ లేదు’ అని రాసి ఉన్న కాగితం మీద మాత్రం సంతకం పెట్టకండి.

ఇప్పుడు నోటీసు. లాయరే పంపాలని లేదు, ఫిర్యాదుకు ముందు నోటీసు తప్పనిసరి అని చట్టంలోనూ లేదు. అయినా పంపాలనే నేను చెబుతాను, సగం వ్యవహారాలు అక్కడే తెగుతాయి. తెల్లకాగితం మీద మీరే రాయండి:

‘ఫలానా తేదీన మీ షాపులో 92,000 రూపాయలకు కంప్యూటర్ కొన్నాను. ఆల్బమ్ డిజైనింగ్ పనికని మీకు ముందే చెప్పాను. ఫలానా తేదీ నుంచి పని చేస్తుండగా ఆగిపోతోంది. ఫలానా తేదీల్లో మీకు తెలిపాను, రెండుసార్లు మీ షాపుకి తెచ్చాను. లోపం పోలేదు. గ్రాఫిక్స్ కార్డు కొత్తది కాదని అనుమానించడానికి ఆధారాలున్నాయి. ఈ నోటీసు అందిన 15 రోజుల్లో కంప్యూటర్ వాపసు తీసుకుని పూర్తి మొత్తం చెల్లించండి. లేనిపక్షంలో వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు చేస్తాను, ఖర్చులకు మీరే బాధ్యులు.’

ఇంతే చాలు. తిట్లు, బెదిరింపులు, సోషల్ మీడియాలో పెడతానన్న మాటలు వద్దు, రేపు కమిషన్ సభ్యులు చదివే కాగితం ఇది. స్పీడ్ పోస్టులో పంపి రసీదు, డెలివరీ రిపోర్టు ప్రింటు దాచుకోండి. అదే ఫొటో తీసి వాట్సాప్‌లో కూడా పెట్టండి, రెండు నీలం టిక్కులు పడితే స్క్రీన్‌షాట్ తీసుకోండి. నోటీసు పంపిన రోజే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించుకోండి, తెలుగులోనే మాట్లాడవచ్చు. వాళ్లు తీర్పు చెప్పరు, అవతలి పక్షంతో మాట్లాడి రాజీకి చూస్తారు. పెద్ద కంపెనీలు దీనికి బాగానే స్పందిస్తాయి. చిన్న షాపులు చాలాసార్లు పట్టించుకోవు. అందుకని దాని మీదే ఆశ పెట్టుకుని కూర్చోకండి.

పదిహేను రోజులు దాటితే ఫిర్యాదు వేయండి. ఎక్కడ అంటే ఖమ్మంలో. పాత చట్టం కింద అమ్మినవాడు ఉన్న చోటికో, వ్యవహారం జరిగిన చోటికో పోవాల్సి వచ్చేది. సికింద్రాబాద్ షాపు మీద కేసంటే బస్సు ఛార్జీలకే సగం ఓపిక అయిపోయేది. 2019 చట్టం ఫిర్యాదీ నివాసం ఉండే చోట, పని చేసుకునే చోట కూడా వేసుకోవచ్చంది. నా దృష్టిలో ఈ చట్టం సామాన్యులకు చేసిన అతిపెద్ద మేలు ఇదే. ఇప్పుడు వాయిదాకు తిరగాల్సింది ఆయన. చెల్లించిన ధర 50 లక్షల లోపు ఉంటే జిల్లా కమిషన్ చాలు, 5 లక్షల లోపైతే ఫీజు కూడా లేదు. ఈ-జాగృతి పోర్టల్ ద్వారా ఆన్‌లైన్‌లో దాఖలు చేయవచ్చు, కోరుకుంటే వీడియో కాన్ఫరెన్స్‌లో హాజరు కావచ్చు. లాయరు లేకుండా మీరే వాదించుకోవచ్చు. మీ కాగితాలు సరిగ్గా ఉంటే మీరే చెప్పుకోగలరని మీ ఉత్తరం చదివితే నాకు నమ్మకంగా ఉంది. తేదీలు, అంకెలు వరసగా రాశారు.

గడువు, లోపం బయటపడిన నాటి నుంచి రెండేళ్లు. మీకు చాలా టైమ్ ఉంది, కానీ షాపులు మూతపడతాయి, చేతులు మారతాయి. ఆలస్యం చేయవద్దు.

ఎవరి మీద వేయాలి? షాపు యజమాని మొదటి ప్రతివాది. కంపెనీని చేర్చాలా వద్దా అన్నది సర్వీస్ సెంటర్ కాగితం వచ్చాక తేల్చండి. కార్డు నిజంగా కొత్తదే, వారంటీ ఉంది, అయినా కంపెనీ పట్టించుకోలేదంటే రెండో ప్రతివాదిగా చేర్చండి. పాత కార్డే అంటగట్టారని తేలితే కంపెనీని లాగడం వల్ల కేసు సాగడం తప్ప ఒరిగేదేమీ లేదు.

ఏం అడగాలన్నది ఆలోచించి రాయాలి. 2006లో ఒక మారుతి కారు కేసులో, వారంటీ ప్రకారం లోపమున్న భాగం మార్చాల్సిందే గాని మొత్తం కారు మార్చమనడం కుదరదని సుప్రీంకోర్టు అంది. మీ షాపాయన తరపు లాయరు దాన్ని ఎత్తుకునే అవకాశం ఉంది. మీ వాదన వేరు, మీరు వారంటీ మీద కాదు, అమ్మినవాడి బాధ్యత మీద, మోసం మీద నిలబడుతున్నారు. అయినా ప్రార్థనలో, అంటే ఫిర్యాదు చివర మీకేం కావాలో కోరే భాగంలో, రెండు మెట్లు పెట్టండి. మొదట, మొత్తం 92,000 వడ్డీతో వాపసు. అది కుదరదని కమిషన్ అనుకుంటే, కార్డు బదులు పక్కా కొత్త కార్డు, లేదా 28,000 వడ్డీతో. ఈ రెంటిలో ఏదైనా, దాంతోపాటు నష్టపరిహారం, ఖర్చులు.

నష్టపరిహారం విషయంలో ఆశ పెంచి చెప్పడం నాకు ఇష్టం లేదు. అయిదు లక్షలు అడిగినంత మాత్రాన రావు, గాల్లో లెక్క వేస్తే మిగతా కేసు మీద కూడా నమ్మకం తగ్గుతుంది. వాపసు ఇచ్చిన ప్రతి అడ్వాన్సుకీ కస్టమర్ దగ్గర ‘కంప్యూటర్ పాడై పని కాలేదు, ఇంత మొత్తం తిరిగి తీసుకున్నాను’ అని రెండు ముక్కలు రాయించుకోండి. ఫోన్‌పేలో తిప్పి పంపి ఉంటే ఆ వివరాలు చాలు. సికింద్రాబాద్ ప్రయాణాల టికెట్లు, సిస్టమ్ తీసుకెళ్లిన ఆటో ఖర్చు కూడా రాయండి. చిన్నవని వదలకండి.

లోపం ఉందా లేదా అన్నది కాగితాల మీద తేలకపోతే కమిషన్ వస్తువును తగిన ల్యాబ్‌కు పంపవచ్చు, ఆ ఫీజు ముందు మిమ్మల్నే కట్టమంటారు. లోపాన్ని నిరూపించాల్సిన భారం ఫిర్యాదీ మీదే ఉంటుంది కాబట్టి సర్వీస్ సెంటర్ జాబ్‌షీట్ గురించి అంతగా చెప్పాను. అవతలివాళ్లు జవాబు వేయడానికి 30 రోజులు, మహా అయితే ఇంకో 15 రోజులు. ఆ 45 రోజులు దాటితే కమిషన్ కూడా గడువు పెంచలేదని 2020లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. ఆ తేదీ మీద మీరు కన్నేసి ఉంచండి. ల్యాబ్ పరీక్ష అక్కర్లేకపోతే మూడు నెలల్లో, అవసరమైతే అయిదు నెలల్లో తేల్చే ప్రయత్నం చేయాలని చట్టం అంటుంది. నిజంగా మాత్రం అంతకంటే ఎక్కువే పడుతుంది, మనసు సిద్ధం చేసుకోండి. మధ్యలో మీడియేషన్‌కు పంపుతామంటే వెంటనే కాదనకండి. డబ్బు చేతికి వచ్చే తేదీ రాసి ఉన్న రాజీ అయితే మీలాంటి వారికి అదే మంచిది.

తీర్పు మీవైపు వచ్చాక షాపాయన రాష్ట్ర కమిషన్‌కు అప్పీలుకు వెళ్లాలంటే, కట్టమన్న మొత్తంలో సగం ముందు జమ చేయాలి. అప్పీలుకూ వెళ్లక, డబ్బూ కట్టకపోతే 72వ సెక్షన్ ఉంది. నెలకు తక్కువ కాకుండా మూడేళ్ల దాకా జైలు, లేదా 25,000 నుంచి లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. ఆ పిటిషన్ వేసి సమన్లు వెళ్లాక చాలామంది డబ్బు తెచ్చి కడతారు.

ఇదే ఇబ్బందిలో ఉన్న మిగతా పాఠకులకు రెండు మాటలు. ఆన్‌లైన్‌లో కొన్నవారికి 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనలు అదనపు రక్ష. వెబ్‌సైట్‌లో ఫిర్యాదుల అధికారి పేరు ఉండాలి, ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలో పరిష్కరించాలి. లోపమున్న సరుకు వాపసు తీసుకోనని అక్కడి అమ్మకందారు అనకూడదు. పార్సిల్ విప్పేటప్పుడు వీడియో తీయడం అలవాటు చేసుకోండి. ఇక పదిమందిని పెట్టుకుని నడిపే ఆఫీసుకి, కంపెనీ పేరు మీద కంప్యూటర్లు కొన్నవారికి వినియోగదారుల కమిషన్ మార్గం సాధారణంగా దొరకదు. వారు 1930 చట్టం కింద సివిల్ కోర్టుకు వెళ్లాలి, దానికి మూడేళ్ల గడువు.

మీ చివరి ప్రశ్న, ఇక్కడే బాగు చేయించుకోవచ్చా అని. ఆ కార్డుని ఊళ్లో ఎవరితోనూ విప్పించకండి. కార్డు మీది ఒక్క స్క్రూ తీసినా ‘మీ మెకానిక్కే పాడుచేశాడు’ అంటారు, ల్యాబ్‌కి పంపినా లాభం ఉండదు. అలాగని సీజన్ అంతా చేతులు కట్టుకుని కూర్చోమని నేను చెప్పను. నష్టం పెరగకుండా కొన్నవారు కూడా తమ వంతు ప్రయత్నం చేశారా అని చట్టం చూస్తుంది. సర్వీస్ సెంటర్ పని అయ్యాక ఆ కార్డుని యాంటీ స్టాటిక్ కవర్లో పెట్టి, దాని పెట్టెలోనే ఉంచి, మీద తేదీ రాసి, ఇద్దరు పొరుగువారి సంతకాలతో టేపు వేసి బీరువాలో పెట్టండి. సిస్టమ్‌లో ఇంకో కార్డు అద్దెకు తెచ్చి వేసుకోండి, దొరక్కపోతే పక్కా బిల్లుతో ఒక మామూలు కార్డు కొనుక్కోండి. ఆ అద్దె రసీదు, ఆ బిల్లు ఫిర్యాదుకు జతచేయండి. ఇంకో కార్డుతో సిస్టమ్ ఆగకుండా నడిస్తే లోపం మీ ఊరి కరెంటుది కాదన్న మాటకు బలం వస్తుంది. అయితే తక్కువ వాట్లు లాగే మామూలు కార్డుతో నడిచినంత మాత్రాన ఎస్‌ఎంపీఎస్ సరిపోయిందని కాదు. నడవకపోతే ఎస్‌ఎంపీఎస్ వైపు చూడాలి, అదీ బిగించింది షాపాయనే. రెంటిలో ఏది జరిగినా వీడియో తీసి, తేదీ వేసి ఉంచండి. సర్వీస్ సెంటర్ కాగితం చేతికి వచ్చాక మళ్లీ రాయండి, ఫిర్యాదు ముసాయిదా నేను చూసిపెడతాను.